లారీ వెనక కొంగ

2002వ సంవత్సరం. విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక కార్యాలయం. మేడ మీద చివరి గదిలో మా ఆర్టిస్టు విభాగం ఉండేది. నాతో కలిపి నలుగురం. పత్రికలో వార్త రాసేవారు ఒకరు, దిద్దేవారు ఇంకొకరు. ఆ వార్త పేజీలో ఎక్కడ కూర్చోవాలి, ఫొటో ఎంత వెడల్పు ఉండాలి, శీర్షిక ఏ సైజులో పెట్టాలి అని తేల్చేది మేము. దీన్నే లేఅవుట్ అంటాం. అప్పటికి ఆ పనిలో నాకు పదిహేనేళ్లు.

ఆ గదిలో ఒక్క కంప్యూటరుకే ఇంటర్నెట్ ఉండేది. ఫోను తీగ మీద నడిచే డయలప్ కనెక్షన్ అది. అదే లైనులో ఇంకో గదిలో ఎవరైనా ఫోనెత్తితే తెగిపోయేది. ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగుతూ తెర మీదికి వచ్చేది. అయినా నాకు అదొక పండగ. అంతకు ముందు మంచి డిజైను చూడాలంటే ఏలూరు రోడ్డులోని పాత పుస్తకాల దుకాణాల్లో చిరిగిన విదేశీ పత్రికలు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు రోజూ ఉదయం ఆఫీసుకు ఓ గంట ముందే వచ్చి, ఎక్కడెక్కడి ఫొటోగ్రాఫర్లూ డిజైనర్లూ తమ పని పెట్టుకునే సైట్లు తిరిగేవాణ్ణి. నచ్చినవి ప్రింటు తీసి గోడకు అంటించేవాణ్ణి. కుర్చీలోంచి లేవకుండానే ప్రపంచంలోని మంచి పనంతా చూసేస్తున్నానని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఏడాది మా పత్రిక కృష్ణా డెల్టా కోసం వారానికోసారి ఒక అనుబంధం మొదలుపెట్టాలనుకుంది. దాని మాస్ట్‌హెడ్ మీద, అంటే మొదటి పేజీలో పేరు ఉండే పై భాగంలో, వేసుకోవడానికి ఒక చిహ్నం కావాలి. గీసి పంపమని పాఠకులను అడిగాం. చాలా వచ్చాయి. వరికంకులు, నాగళ్లు, బరాజి గేట్లు, మళ్లీ వరికంకులు. వాటి మధ్య ఒక చార్టు ముక్క. ఇంకా ఎనామిల్ రంగు వాసన వేస్తోంది. నీలం మీద ఒక తెల్ల కొంగ. దాని మెడ వంపు కిందికి జారి, అదే గీత సాగి కాలువ అయింది. కాళ్లు నీళ్లలోకి దిగే చోట మధ్యలో వేలెడు ఖాళీ. కాళ్లు అక్కడ తెగిపోయి, కింద మళ్లీ మొదలవుతాయి.

ఎంపిక జరిగే సమావేశంలో నేను ఆ ఖాళీ మీద చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. "నీళ్ల మీద వెలుగు పడితే కాళ్లు కనిపించవు. గీయకుండా వదలడానికి ధైర్యం కావాలండీ" అన్నాను. అందరూ తలలూపారు. పంపినాయన ఆటోనగర్‌లో లారీలకు రంగులు, బొమ్మలు వేసే పెయింటరు, పేరు షేక్ మస్తాన్‌వలి. ఆదివారం పత్రికలో ఆయన పేరు, ఫొటో వేసి, చిహ్నం ఎంపికైందని ప్రకటించాం. తర్వాతి ఆదివారం అనుబంధం మొదటి సంచిక రావాలి.

ఆ మధ్యలో వచ్చిన బుధవారం ఉదయం, ఎప్పటిలాగే సైట్లు తిరుగుతున్నాను. కొత్త డిజైన్లు ప్రదర్శించే ఒక విదేశీ సైటులో ఒక పోస్టరు తెరిచాను. ముందు మెడ వచ్చింది. ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. మెడ వంపు కిందికి జారి కాలువ అయ్యేసరికి నా చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. కాళ్లు దిగాయి. మధ్యలో ఖాళీ వచ్చింది.

తెల్ల కొంగ కాదు, నల్లది. వెనక నీలం బదులు పసుపు. అంతే తేడా. కింద హాలండ్‌కు చెందిన ఒక డిజైనరు పేరు, పోస్టరు పెట్టిన తేదీ ఉన్నాయి. ఎనిమిది నెలల కిందటిది.

పత్రికల్లో పనిచేసేవాళ్లకు ఒక జబ్బుంది. ఎవరు ముందు అచ్చేస్తే వార్త వాళ్లది, తర్వాత వేసినవాడు చూసి రాసినట్టు. ఏళ్ల తరబడి తేదీలు చూసి తీర్పులు చెప్పిన కళ్లు ఆ రోజూ తేదీయే చూశాయి. రెండో ఆలోచన లేకుండా ప్రింటు తీసుకుని మా ఎడిషన్ ఇన్‌చార్జి వెంకటరత్నంగారి గదిలోకి వెళ్లాను.

ఆయన చార్టునూ ప్రింటునూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏమయ్యా ప్రసాదూ, నువ్వు ధైర్యం ధైర్యం అన్నది ఇదేనా?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మొన్న ఆదివారమే పేరూ ఫొటోతో వేశాం. ఇప్పుడు ఊరుకుంటే అవతలి పేపరు వాడు మనల్ని వేస్తాడు. ఆయన్ని పిలిపించు. నువ్వు మాత్రం రెండు పేజీలు సిద్ధం చెయ్యి. ఒకటి ఈ కొంగతో. రెండోది ఉత్త అక్షరాలతో, కింద ఒక బాక్సు. చిహ్నం నకలని తేలినందువల్ల ఫలానా వ్యక్తి ఎంపిక రద్దు చేశామని."

"పేరుతోనా అండీ?"

"పేరుతోనే ఇచ్చాం, పేరుతోనే తీసెయ్యాలి."

అనుబంధం శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి అచ్చుకు వెళ్లాలి. రోజువారీ పత్రిక పని సాయంత్రం మొదలవుతుంది కాబట్టి యంత్రం ఖాళీగా ఉండేది ఆ కాసేపే. అంటే రెండు రోజులు.

మస్తాన్‌వలి మధ్యాహ్నానికల్లా మా గదికి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గోళ్ల చుట్టూ మాత్రం ఎర్ర రంగు. చేతిలో లడ్డూల పెట్టె. పిలిచింది అభినందించడానికనుకున్నాడు.

"ఆదివారం పేపరు చూసి మా లైన్లో అందరూ ఒకటే గోల సార్, స్వీట్లు స్వీట్లని. ఇది మీ ఆఫీసుకి. అందరికీ పంచండి."

వెంకటరత్నంగారు పెట్టె అందుకోలేదు. "ముందు ఇది చూడండి" అని నా కంప్యూటరు వైపు చూపించారు.

ఆయన వంగి చూసి నవ్వాడు. "అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించేశారా? రంగు మార్చేశారేంటి సార్? తెల్ల కొంగని కాకిని చేశారు."

"అది మేం ఎక్కించింది కాదు. హాలండ్‌లో ఒకాయన వేసింది. ఎనిమిది నెలల కిందట" అన్నాను.

నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు. తర్వాత మెల్లగా పోయింది.

"నాది ఆయనెట్టా వేస్తాడండీ?"

"మేమూ అదే అడుగుతున్నాం. ఆయనది మీరెలా వేశారు?" అన్నారు వెంకటరత్నంగారు. "మీరు ఇంటర్నెట్ చూస్తారా?"

"నాకేం తెలుసు సార్ అయ్యన్నీ. మా అమ్మాయి షాహిన్ చూసుద్ది. డిగ్రీ సెకండియర్. కాలేజీ పక్కన నెట్ సెంటరుకి పోయొస్తా ఉంటుంది."

వెంకటరత్నంగారు నా వైపు చూశారు. అదీ సంగతి అన్నట్టుగా ఉంది ఆ చూపు. అది మస్తాన్‌వలికి కూడా అర్థమైంది.

"సార్, నన్నేమన్నా అనండి. మా అమ్మాయిని ఇందులోకి లాగకండి." గొంతు పెరగలేదు. లడ్డూల పెట్టె మాత్రం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుతోంది. "పేపర్లో దొంగ అని వేస్తే రేపట్నుంచి ఆటోనగర్లో నన్ను బండి ముట్టుకోనిచ్చేదెవరండీ? ఇప్పటికే సగం మంది ఓనర్లు రంగులు మానేసి స్టిక్కర్లలోకి పోయారు."

"ఆ కొంగ మీదేనని ఎలా నమ్మమంటారు?" అన్నాను.

ఆయన మళ్లీ తెర వైపు వంగాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"ఆయన్ని ఒక్క మాటడగండి సార్. ఆ కాళ్లెందుకు ఇరగ్గొట్టాడో."

"అందం కోసం" అన్నాను.

"అందమా?" నన్ను జాలిగా చూశాడు. "అక్కడ ఇనప పట్టీ వస్తది సార్. లారీ వెనక తలుపు ఉంటుందా, ఆ చెక్కలు విడిపోకుండా అడ్డంగా పట్టీ కొడతారు. దాని మీద గొలుసు రాసుకుంటా ఉంటుంది, రంగు నిలవదు. అందుకని దాన్ని వదిలేసి పైనా కిందా వేస్తాం. ఇరవయ్యేళ్లు వేసీ వేసీ, ఇప్పుడు అట్ట మీద వేసినా చెయ్యి అక్కడికొచ్చేసరికి ఆగిపోద్ది. నా అట్టకి పట్టీ లేదు, ఆయన కంప్యూటరుకీ పట్టీ లేదు. నాకైతే అలవాటు. ఆయనెందుకు వదిలాడు?"

నేను సమావేశంలో చెప్పిన వెలుగూ ధైర్యమూ గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

వెంకటరత్నంగారు మాత్రం తగ్గలేదు. "బొమ్మను ఎదురుగా పెట్టుకుని కారణం ఎవరైనా చెప్తారు. శుక్రవారం రెండింటి వరకు టైముంది. కంటికి కనపడేది ఏదైనా తీసుకురండి."

లడ్డూలు మస్తాన్‌వలితోపాటే తిరిగి వెళ్లాయి.

మెట్ల దగ్గర ఆపి అడిగాను, ఆ కొంగ ఏయే బళ్ల మీద ఉందని. నాలుగు బళ్లకు వేశాడట. ఒకటి తుక్కుకు పోయింది. రెండు అమ్ముడుపోయి ఎటో వెళ్లాయి. నాలుగోది హనుమాన్ జంక్షన్‌లో కోటేశ్వరరావుగారనే రైతు బండి. వ్యవసాయం తగ్గించి లారీ కొనుక్కున్న మనిషి. ఆయనకు ఆ కొంగంటే ఇష్టం, ఏటా అదే వేయించుకుంటాడు. ఏటా అని ఎందుకంటే, లారీలకు సంవత్సరానికోసారి ఎఫ్‌సీ ఉంటుంది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రవాణా శాఖ ఇచ్చే సర్టిఫికెట్ అది. దానికి వెళ్లేముందు పాత రంగు గీకేసి కొత్తగా వేయడం ఆనవాయితీ. ఏడాదికి మించి బతకని బొమ్మలు ఇరవయ్యేళ్లుగా వేస్తున్న మనిషితో మాట్లాడుతున్నానని అప్పుడు తట్టింది.

గురువారం పొద్దున్నే ఇద్దరం ఆయన స్కూటరు మీద బయల్దేరాం. దారి పొడుగునా ముందు వెళ్లే ప్రతి లారీ వెనక తలుపూ చూస్తూ కూర్చున్నాను. నెమళ్లు, తామరపూలు, హారన్ కొట్టమనే అక్షరాలు. ప్రతి బొమ్మా మధ్యలో ఒకచోట తెగి ఉంది. ఆ రోడ్డు మీద అన్నేళ్లు తిరిగినా అదొక్కసారీ నా కంట పడలేదు.

జంక్షన్‌లో రోడ్డు పక్క షెడ్డు ముందు కోటేశ్వరరావుగారి బండి ఆగి ఉంది. మస్తాన్‌వలి స్కూటరు దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక తలుపంతా ఎర్రగా ఉంది. రంగుకు ముందు పూసే రెడాక్సైడ్ కోటింగు. వేలుతో తాకితే ఇంకా తడి.

కోటేశ్వరరావుగారు షెడ్డులోంచి వచ్చారు. మస్తాన్‌వలిని చూడగానే ఆయన ముఖంలో ఇబ్బంది.

"ఏవయ్యా మస్తానూ, ఇట్టా వచ్చావేంటి?"

"కొంగ ఏదండీ?"

"నిన్న గీకించేశా. వచ్చే వారం ఎఫ్‌సీ ఉంది." గొంతు తగ్గించి, "ఈసారి స్టిక్కరు ఏయిద్దామని. మా డ్రైవరు పోరు పడలేక. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదయ్యా" అన్నారు.

మస్తాన్‌వలి తలుపు దగ్గరకెళ్లి, పట్టీ మీద ఎర్రరంగు పూసిన చోట గోటితో గీశాడు. "పట్టీకి కూడా పూసేశాడు చూడు, రెణ్ణెల్లు నిలవదు" అని మాత్రం అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

నేను సంగతంతా చెప్పాను. కోటేశ్వరరావుగారికి కోపం వచ్చింది. "హాలండోడిదేంటండీ? నా బండి కొన్న ఏడు నా ముందే కూర్చుని గీశాడు. నేనే చెప్పా, మా చేలో వాలే కొంగని వెయ్యవయ్యా అని. రమ్మనండి, ఎక్కడికైనా వచ్చి చెప్తా."

"ఫొటో ఏదైనా ఉందాండీ?"

ఆయన ఇంట్లోకి తీసుకెళ్లి ఆల్బమ్ ముందు పెట్టారు. బండి కొన్నప్పటివి, పూజలప్పటివి, పిల్లల్ని ఎక్కించినవి. అన్నింట్లోనూ దండలు వేసిన ముందు భాగమే. చివరి దాకా తిప్పి మూసేశాను.

"వెనక వైపు ఒక్కటీ లేదా?"

"వెనక వైపు ఎవడు తీసుకుంటాడండీ? ఎనకమాల వచ్చేవోడికి తప్ప అది ఎవడికి కనపడుద్ది?"

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. వెనకాల వచ్చేవాడు. ఈ రోడ్డు మీద లారీ వెనక కారులో వస్తూ, ఆ బొమ్మను వింతగా చూసి కెమెరా ఎత్తేవాడు. మనవాడు కాడు, పరాయివాడై ఉండాలి. హాలండ్ డిజైనరు హనుమాన్ జంక్షన్ వచ్చి ఉండకపోవచ్చు. కాని ఎవరో తీసిన ఫొటో ఆయన కంట పడి ఉండొచ్చు. నేను రోజూ ఉదయం చేసే పనే ఆయనా చేస్తూ ఉండొచ్చు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి మూడు. డిజైన్ల సైట్లు వదిలేసి, యాత్రికులూ ఔత్సాహికులూ ఫొటోలు పెట్టే సైట్లలో వెతకడం మొదలుపెట్టాను. లారీ, భారతదేశం అని రెండు ఇంగ్లిషు మాటలు కొడితే పేజీలకు పేజీలు వచ్చాయి. ఒక్కో పేజీలో ఇరవై చిన్న బొమ్మలు. అవి దిగడానికి మూడేసి నిమిషాలు. ముప్పై పేజీలు దాటాక లెక్క మానేశాను. రాజస్థాన్ లారీలు, పంజాబ్ లారీలు, బోల్తా పడ్డ లారీలు. మస్తాన్‌వలి వెనక కుర్చీలో కూర్చుని తెర వైపే చూస్తున్నాడు. ఒకసారి, "ఈ నెమలి మంచి చెయ్యి సార్, ఎవడిదో" అన్నాడు.

ఆరు కావొస్తుండగా దొరికింది.

సాయంత్రపు ఎండ. దుమ్ము. రోడ్డు మధ్యలో లారీ వెనక భాగం. నీలం మీద తెల్ల కొంగ, కాళ్లకు అడ్డంగా తుప్పు పట్టిన ఇనప పట్టీ. విజయవాడ, ఏలూరు మధ్య రహదారి అని కింద ఇంగ్లిషులో రాసి ఉంది. రెండేళ్ల కిందటి ఫొటో. తీసినావిడ కెనడాలో బడిపంతులమ్మ. ఎంత బాగా తీసిందంటే, పని మర్చిపోయి ఒక నిమిషం ఆ వెలుగే చూస్తూ ఉండిపోయాను. రోజూ అదే రోడ్డు మీద వెళ్లే మా ఫొటోగ్రాఫర్లు ఎవరూ అది తీయలేదు. తీసినా నేను వేసేవాణ్ణి కాదేమో.

వెంకటరత్నంగారిని పిలిచాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు.

"పట్టీ ఉంది. ఒప్పుకున్నా. బొమ్మ హాలండ్ ఆయనది కాదు. కాని ఈయనదని ఎక్కడుంది? రేపు ఇంకో పెయింటరు వచ్చి నాదంటే?"

అడగాల్సిన మాటే.

"సంతకం ఉంటుంది సార్" అన్నాడు మస్తాన్‌వలి. "కింద, కుడిచేతి మూల. పేరూ ఆటోనగరూ రాస్తాం. అది చూసే కదా ఇంకో బండాయన వెతుక్కుంటా వచ్చేది."

ఆ మూల పెద్దది చేసి చూశాను. తెల్లటి మరక. ఇంకా పెద్దది చేస్తే చదరాలు చదరాలుగా విడిపోయింది. సైటులో పెట్టే ఫొటోలు త్వరగా తెరుచుకోవాలని చాలా చిన్నవిగా చేసి పెడతారు. రెజల్యూషన్ అంటాం, బొమ్మలో ఎన్ని చుక్కలుంటే అంత వివరం. ఆ మూలకు మిగిలినవి పిడికెడు చుక్కలు. అవి అక్షరాలో బురదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

కెనడా ఆవిడకు నాకు వచ్చిన ఇంగ్లిషులో ఈ-మెయిల్ రాశాను. ఒక మనిషి పేరు మీ ఫొటో కింది మూలలో ఉంది, పెద్ద ప్రతి పంపితే చదవగలం, శుక్రవారం మధ్యాహ్నం లోపల కావాలి అని. మీట నొక్కి, మస్తాన్‌వలిని ఇంటికి పంపించాను.

శుక్రవారం పదిన్నరకు జవాబు ఉంది. నెగటివ్‌ను పెద్దగా స్కాన్ చేసి తన సైటులో పెట్టానని లింకు పంపింది. నొక్కాను. తెర పైన సన్నటి ఆకాశపు చార మొదలైంది. అది దిగుతున్న వేగం చూసి లెక్క వేసుకుంటే రెండు గంటలు పడుతుంది. మాకు కావలసింది అట్టడుగు మూల.

పదకొండుంబావుకు లారీ కప్పు. పదకొండున్నరకు కొంగ తల. మస్తాన్‌వలి వచ్చి వెనక నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పన్నెండుకు పది నిమిషాలుండగా మెడ వంపు దగ్గర బొమ్మ ఆగిపోయింది. కనెక్షన్ తెగింది. కింద ప్రకటనల విభాగంలో ఎవరో ఫోనెత్తారు.

నేను మెట్లు దూకుతూ కిందికి వెళ్లాను. "దయచేసి రెండు గంటల దాకా ఎవరూ ఆ ఫోను ముట్టుకోకండి."

"ఏమైందండీ, ప్రధానమంత్రిగారు చేస్తారా?" అన్నాడు ప్రకటనల గుమాస్తా.

"అంతకంటే పెద్దాయన పని" అని, రిసీవరు మీద ఒక దినపత్రికల కట్ట పెట్టి పైకొచ్చాను.

మళ్లీ మొదటి నుంచి ఆకాశం.

ఒంటిగంటకు వెంకటరత్నంగారు వచ్చి, తెర చూసి వెళ్లారు. ఒంటిగంటన్నరకు పట్టీ దిగింది. తుప్పులో గొలుసు రాసుకున్న గుర్తులు కూడా కనబడుతున్నాయి. నా బల్ల మీద రెండు పేజీల ప్రింట్లూ ఉన్నాయి. ఒకదాని కింద బాక్సులో మస్తాన్‌వలి పేరు పెద్ద అక్షరాల్లో. దాన్ని బోర్లించి ఉండాల్సింది. నాకు తట్టలేదు. ఆయన తెర వైపు చూడటం లేదు. ఆ బాక్సు వైపే చూస్తున్నాడు.

ఒంటిగంట యాభైకి వెంకటరత్నంగారు మళ్లీ వచ్చారు, ఈసారి వెళ్లలేదు. నీళ్లు దిగాయి. కాలువ గట్టు దిగింది. ఆ కింద, కుడి మూలలో, తెల్లటి చిన్న చిన్న టిక్కులు వరసగా కనబడ్డాయి. తలకట్లు. మన అక్షరాలు పైనుంచి దిగితే ముందు కనిపించేవి అవే. తర్వాత ఒక్కో గీతకూ వాటి పొట్టలు నిండాయి.

మస్తాన్ పెయింటర్, ఆటోనగర్.

వెంకటరత్నంగారు ఫోనెత్తి, అచ్చు విభాగానికి "కొంగ ఉన్న పేజీ తీసుకోండి" అని చెప్పారు. రెండో పేజీ ప్రింటును నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. తర్వాత మస్తాన్‌వలి వైపు తిరిగి, "పొరపాటు మాదండీ. క్షమించండి" అన్నారు. ఆయనతో పనిచేసిన పన్నెండేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"ఆ మాట మా అమ్మాయికి చెప్పండి సార్."

మేం అర్థం కానట్టు చూశాం.

"బుధవారం ఇంటికెళ్లి అడిగాను సార్ దాన్ని. నా బొమ్మ నువ్వేమన్నా కంప్యూటర్లో ఎక్కించావా, ఎవరికన్నా పంపావా అని. లేదు నాన్నా అంది. మళ్లీ అడిగా. లేదంది. మూడోసారి అడిగాక ఇంక మాట్లాడలేదు. రెండ్రోజులైంది నాతో మాట్లాడి. నన్ను నమ్మట్లేదని మీ మీద నాకెంత కోపమొచ్చిందో సార్, నేను దాన్ని నమ్మలేదని దానికీ అంతే కదా."

వెంకటరత్నంగారు నంబరు అడిగారు. ఇంటి పక్కన టెలిఫోన్ బూత్ ఉంది. అమ్మాయిని పిలిపించి మాట్లాడారు. "అమ్మా, మీ నాన్నగారి తప్పేమీ లేదు, నీది అసలే లేదు. తప్పంతా మాది." కాసేపు విని, సరేనమ్మా అని పెట్టేశారు.

"ఏమందండీ?" అన్నాను.

"అదే మాట పేపర్లో వెయ్యండి అంది."

మేం వేయలేదు. అచ్చుకాని ఆరోపణకు సవరణ వేయడం పత్రికల్లో ఆనవాయితీ కాదు. ఆదివారం చిహ్నం వచ్చింది, కింద ఆయన పేరు వచ్చింది, ఆ రోజు దినపత్రిక లోపలి పేజీలో కెనడా ఆవిడ ఫొటో ఆవిడ అనుమతితో వేశాం. అంతవరకే. మిగతాది ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

తర్వాతి వారం హాలండ్ డిజైనరు నుంచి ఈ-మెయిల్ వచ్చింది. నేను రాసిన దానికి జవాబు. మర్యాదస్థుడు. ఆ ఫొటో చూసే వేశానని ఒప్పుకున్నాడు, దాని వెనక ఒక చిత్రకారుడు ఉంటాడని తనకు తోచలేదన్నాడు, పోస్టరు కింద ఒక వాక్యం చేర్చానన్నాడు. అది ప్రింటు తీసుకుని ఆటోనగర్ వెళ్లాను. మస్తాన్‌వలి ఒక లారీ వెనక పీట వేసుకుని కూర్చుని అక్షరాలు దిద్దుతున్నాడు. కుంచె ఆపకుండానే అడిగాడు.

"నా పేరు వేశాడా సార్?"

"భారతీయ లారీల జానపద కళ స్ఫూర్తితో అని వేశాడండీ."

కుంచె ఆగింది. "లారీల కళా?" పగలబడి నవ్వాడు. "బండి దానంతటదే వేసుకుందనుకున్నాడా సార్, ఖాళీగా ఉన్నప్పుడు?"

చుట్టుపక్కల మెకానిక్కులు కూడా నవ్వారు. నేనూ నవ్వాను గాని మనస్ఫూర్తిగా కాదు. ఎందుకంటే ప్రతి వారం మా పేజీల్లో నేనూ అదే పని చేస్తున్నాను. సైట్లలో నచ్చిన ఫొటో తీసుకుని, కింద చిన్న అక్షరాల్లో 'ఫొటో: ఇంటర్నెట్' అని వేసేవాణ్ణి. ఇంటర్నెట్ ఏ రోజూ కెమెరా పట్టుకుని ఎండలో నిలబడలేదు.

డిజైనర్‌గా మంచి పనిని గుర్తుపట్టడం నాకు చాలా ముందే వచ్చు. మంచి పని కనబడగానే దాని వెనక మనిషి కోసం వెతకడం మాత్రం ఆ వారంలో నేర్చుకున్నాను. బొమ్మ ఎవరిదో తేదీ చెప్పదని, ఎదుటి మనిషిని 'ఎక్కడ చూసి వేశావు' అనేముందు 'ఎలా వేశావు' అని అడగాలని కూడా.

తర్వాతి సోమవారం కొల్లేరు పక్షుల మీద ఒక పేజీ వచ్చింది. సైట్లలో ఒక అద్భుతమైన ఫొటో దొరికింది. ఎవరు తీశారో ఎక్కడా లేదు. రెండు గంటలు వెతికాను. దొరకలేదు. పేజీ మధ్యలో అయిదు కాలమ్‌ల చోటు అలాగే వదిలి, ప్రూఫు వెంకటరత్నంగారి బల్ల మీద పెట్టాను.

"ఇక్కడ ఫొటో ఏదయ్యా?"

"ఉందండీ. తీసినాయన దొరకలేదు."

ఆయన నన్ను ఒకసారి చూసి, ఎర్ర పెన్ను తీసి, ఆ ఖాళీలో 'వార్త పెంచండి' అని రాశారు.